తుమ్మకొమ్మ మీద పాలపిట్ట

చెరువును నేరుగా చూస్తే చెరువు లేదు. నడుమ బూడిద రంగు మరక, దాని చుట్టూ అంచుల్లో మాత్రం కాస్త నీళ్ల తళుకు, అవతలి ఒడ్డు పచ్చదనం, పైన ఆకాశం ముక్క. తల పక్కకు తిప్పి ఓరగా చూస్తే నీళ్లు వస్తాయి, అప్పుడు ఒడ్డు పోతుంది. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి, ఈ కళ్లతో బేరం అంతే, అనుకుంది యాదవ్వ, షామీర్‌పేట చెరువు కట్ట మీద ఒక రాయికి నడుము ఆనించి కాళ్లు బార్లా చాపుకుంటూ. ఆ కాళ్లు ఇక మావల్ల కాదంటున్నాయి. పొద్దున కారెక్కినప్పటి నుంచి ఎక్కడం, దిగడం, నడవడం, మెడ ఎత్తి చూడటం, మళ్లీ ఎక్కడం. దసరా పూట పాలపిట్టను చూడకుండా జమ్మి చెట్టు దగ్గరికి పోయేది లేదని పొద్దున పంతం పట్టింది తనే, ఆ పంతం ఇప్పుడు తన మోకాళ్లలోనే సలుపుతోంది. కట్ట కింద నీళ్ల పక్కన అల్లుడు పరమేశ్ గాలం వేసి కూర్చున్నాడు, చేప కోసం కాదు, కాసేపు కూర్చోవడానికి సాకు కావాలి కాబట్టి. బిడ్డ లత చెప్పులు విప్పి నీళ్లలో కాళ్లు పెట్టుకుంది, ఆ చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. మనవరాలు కావ్య ఎక్కడుందో వెతకాల్సిన పనే లేదు, దాని నోరే చెబుతుంటుంది. తొమ్మిదేళ్ల పిల్లకు అన్ని మాటలు ఎక్కడి నుంచి ఊరుతాయో. వాళ్ల నాన్న దాన్ని వసపిట్ట అని ఊరికే అనడు.

"అవ్వా, గీ రాయి పక్కన చీమలున్నయ్, నల్లయి. నువ్వు గిటు జరుగు. ఇంకొంచెం. ఆఁ, గీడ గడ్డి మెత్తగుంది."

జరిగింది. గడ్డి నిజంగానే మెత్తగా ఉంది. వానలు వెనకపట్టాక మట్టిలో మిగిలే చల్లదనం చీరలోంచి నడుముకు తగిలి హాయిగా అనిపించింది, వెంటనే నిద్ర ముంచుకొచ్చింది, నిద్రపోతే లేపడానికి ఎవరో ఒకరు రావాలి, వచ్చినవాళ్ల ముఖం తెలియదు, కాబట్టి పోకూడదు. పొద్దున సుచిత్ర చౌరస్తా దగ్గరి తమ ఇంటి ముందు కారుకు పూజ చేశారు. పరమేశ్ క్యాబ్ నడుపుతాడు, ఏడాదంతా ఎవరెవరినో మోసే కారు ఈ ఒక్కరోజు ఇంటివాళ్లది. బంతిపూల దండ కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టి, బండిని మేడ్చల్ వైపు తిప్పాడు. మేడ్చల్ దాటితే పొలాలు, పొలాలుంటే కరెంటు తీగ మీదైనా ఒక పిట్ట అని ఆశ. పొలాలనుకున్న చోటల్లా హద్దురాళ్లు పాతి ఉన్నాయి. పసుపు రంగువి, తెల్లవి, గీ పక్కదానికి జెండా కూడా ఉంది అవ్వా, అని కావ్య ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చింది. చివరికి మక్కజొన్న కోసిన చేను ఒకటి దొరికితే దిగి నడిచారు, మొదళ్లు చెప్పుల్లోంచి గుచ్చుకున్నాయి, కాకులు, గోరింకలు, ఎక్కడో ఒక కొంగ. పాలపిట్ట మాత్రం లేదు. తిరిగి వస్తుంటే మేడ్చల్ చౌరస్తాలో ఒకాయన పంజరంలో పాలపిట్టను పెట్టుకుని నిలబడి ఉన్నాడట, జనం చూసి, మొక్కి, తోచింది చేతిలో పెట్టి పోతున్నారట. పరమేశ్‌కు ప్రాణం లేచొచ్చింది. "అత్తమ్మా, అగో, గీడనే ఉంది. దండం వెట్టు, ఐపాయె." కారు అద్దంలోంచి ఆమె తల ఇటు తిప్పింది, అటు తిప్పింది, చువ్వలు కనిపించాయి, చువ్వల మధ్య ఏముందో తెలియలేదు. "పట్టి బంధించినదాన్ని మొక్కితే ఏం మంచైతది బిడ్డా, తీయ్ బండి" అని దబాయించింది. దబాయించడం ఆమెకు చిన్నప్పటి నుంచి బాగా వచ్చు. మేడ్చల్ అంగట్లో చేపల గంప ముందు కూర్చుని నేర్చుకున్న విద్య అది. కనిపించలేదని ఒప్పుకోవడం కన్నా మంచి కాదనడం సులువు.

దాంతో రోజంతా సాగదీసుకుపోయింది. జింకల పార్కులో చెట్ల కింద దుప్పటి పరిచి బగారన్నం, మటన్, గారెలు తిన్నారు. పరమేశ్ తిన్న చోటే ఒరిగి గురక పెట్టాడు. కావ్య కంచె వెంట జింకలతో పాటు ఉరికింది, మళ్లీ ఉరికొచ్చి, గా మగదానికి కొమ్ములు గిట్ల ఉన్నయ్ అవ్వా అని యాదవ్వ చేతిని పట్టుకుని గాలిలో కొమ్ముల ఆకారం గీయించింది. ఆ గీత ఇంకా వేళ్లలో ఉంది. జింకను చూసినట్టే ఉంది. పిల్లలు ఆడుతూ పాడుతూ ఎన్ని చేస్తారు. లత మాత్రం తినే అంతసేపూ మాట్లాడలేదు. దానికి దొరికేదే ఒక్క పండుగ సెలవు. అలసిపోయిందో, అలిగిందో, ముఖం కనిపిస్తే కదా తెలిసేది.

ముఖాలు పోవడమే కష్టం. వానలకు ముందు మొదలైంది ఇదంతా. మొదట బియ్యంలో రాళ్లు పోయాయి, తర్వాత సూది బెజ్జం పోయింది, తర్వాత మనుషుల ముఖాలు. లత ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే భుజాలుంటాయి, చెవుల పక్క జుట్టుంటుంది, నడుమ ఉండాల్సిన బిడ్డ ముఖం ఉండదు. నవ్విందో కసిరిందో గొంతును బట్టి పోల్చుకోవాలి. పక్కింటి జానకిరామయ్యకు శుక్లాలు తీశారు, ఆయన హాయిగా పేపరు చదువుకుంటున్నాడు. ఎవరి సంగతో అన్నట్టు ఆయన్ని అడిగింది, నడిమిట్ల మరకపడితే అది కూడా శుక్లమేనా అని. కాకపోవచ్చమ్మా, కంటి వెనక నరం సంగతేమో, ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రిలో చూపించమనండి అన్నాడు. ఆ మాటను ఆయన గుమ్మంలోనే వదిలేసి వచ్చింది. ఎందుకంటే వంటింట్లో లత పరమేశ్‌తో అన్న మాట అప్పటికే చెవిన పడింది. "అమ్మకు చాతనైనన్నాళ్లు పొల్ల ఇంట్లనే ఉంటది. చాతగాకపోతె హాస్టల్ల ఏసుడే, ఇగ ఏంజేస్తం." తప్పు మాటేం కాదు. లతకు జీడిమెట్లలో మందుబిళ్లల కంపెనీలో షిఫ్టులు, పరమేశ్ ఏ రాత్రి వస్తాడో అతనికే తెలియదు. సాయంత్రం స్కూలు బస్సు మేడ్చల్ రోడ్డుకు అవతల ఆగుతుంది, లారీలు, బస్సులు, ఆటోలు, ఆ రోడ్డు దాటించి పిల్లను ఇంటికి తెచ్చేది యాదవ్వే. చెయ్యి చేతిలో పెట్టుకుని దాటించడం, అన్నం పెట్టడం, పక్కన పడుకోబెట్టుకోవడం. కళ్లు పోయాయని తెలిసిన రోజున చేతిలోంచి ఆ చెయ్యి పోతుంది. ఎక్కడో హాస్టల్లో, ఇనుప మంచం మీద, ఈ వసపిట్ట ఎవరితో మాట్లాడుతుంది? మాట్లాడకుండా ఉండటం నేర్చుకుంటుంది. అందుకే చెప్పలేదు. చెప్పదు కూడా. ఉన్న అంచులతోనే నెట్టుకొస్తుంది.

ఇదే చెరువులో లత నాయిన వల వేసేవాడు. తెల్లారగట్ల తెప్ప ఒడ్డుకు తగిలిన చప్పుడు, బుట్టలో బొచ్చె చేపలు కొట్టుకునే చప్పుడు, ఆయన దగ్గు. చేపల వాసన చీర నుంచి పోయేది కాదు, ఆయన పోయిన చాలా రోజులకు పోయింది, పోయాక దాని కోసం వెతుక్కుంది. దసరా వస్తే ఆయన వల ముట్టేవాడు కాదు. లతను భుజాల మీద ఎక్కించుకుని ఈ కట్ట పొడుగునా నడిచేవాడు. పిట్టను ముందు ఇంటి పెద్దోళ్లు చూడాలి, వాళ్లు చూపిస్తే పిల్లలు మొక్కాలి, ఆ వరసలోనే మంచి జరుగుతుందని ఆయన నమ్మకం. కూసున్నప్పుడు అది మట్టి రంగే, లేసి రెక్క విప్పినప్పుడే నీలం, ఎగిరేదాక ఓపిక వట్టాలె అనేవాడు. ఆయన పట్టిన ఓపిక ఎవరూ పట్టలేదు. ఆయన తర్వాత ఆ పని యాదవ్వది. పోయిన దసరాకు కూడా చూపించింది, కొంపల్లి దాటాక తీగ మీద, చక్కగా, అందరికన్నా ముందు. ఏడాదిలో మనిషి ఎంత ఖాళీ అవుతుంది. నీళ్ల మీది గాలికి రెప్పలు బరువెక్కాయి. ఇప్పుడు ఎవరైనా వచ్చి, యాదవ్వా, నువ్వు ఇంకేమీ చూడక్కర్లేదు, పడుకో అంటే ఎంత బాగుండు.

చెప్పుల చప్పుడు. ఒకటి బరువుగా, ఒకటి ఈడుస్తున్నట్టుగా. అల్లుడూ బిడ్డా కట్ట ఎక్కి వచ్చారు.

"అత్తమ్మా, పొద్దు గూకవట్టె. ఇగ జమ్మి కాడికి పోదామా? రాత్రంత డ్యూటీ జేసి వచ్చిన, కండ్లు మండుతున్నయ్."

"పిట్టను జూడంది అమ్మ యాడికొస్తది?" అంది లత. గొంతులో ఎండిన విసుగు. "ఏడాదికొక్క రోజు దొరికితె పిట్టల ఎంబడి తిరుగుడే ఐపాయె. కూసో నువ్వు గూడ. కూసొని సూద్దాం, సీకటయ్యేదాక."

దాని గొంతు అంత ఎండిపోవడం యాదవ్వ ఎప్పుడూ వినలేదు. పాపం, బిడ్డ నిలబడే నిద్రపోతోంది. తను ఒక్క మాట అంటే అందరికీ విడుదల. తల ఎడమకు తిప్పింది, కట్ట దిగువన తుమ్మచెట్టు ముళ్ల గుబురు, కుడికి తిప్పింది, అంచులో ఏదో కదిలింది. నీలం. నిఖార్సైన నీలం. కింది కొమ్మ మీద, లేస్తూ, అణుగుతూ. దేవుడున్నాడు, లత నాయిన ఉన్నాడు, కళ్లు ఇంకా ఉన్నాయి.

"అగో!" అని అరిచింది. "గా తుమ్మ మీద! కింది కొమ్మకు! మొక్కుండ్రి, జల్దీ మొక్కుండ్రి!"

రెండు చేతులూ జోడించి నుదుటికి ఆనించుకుంది. కొంగు సర్దుకోవడం కూడా మరిచిపోయి మనసులో కోరుకుంది, పొల్లను నా దగ్గరే ఉంచు తండ్రీ అని. కోరుకోవడం పూర్తయ్యాక తెలిసింది, చుట్టూ ఎవరూ మాట్లాడటం లేదని. మొక్కుతున్నారేమో అనుకుంది. అప్పుడు చెరువు మీది నుంచి గాలి ఒకటి గట్టిగా వీచింది, తుమ్మచెట్టు నుంచి చరచరమని చప్పుడొచ్చింది. ఏ పిట్ట రెక్కా అట్లా చప్పుడు చేయదు. కిరాణా కొట్లో సామాను వేసిచ్చే కవరు చేస్తుంది. కూర్చున్న పాలపిట్టకు అంత నీలం ఎక్కడిది? ఆయన ఎన్నిసార్లు చెప్పాడు, కూర్చుంటే మట్టి రంగేనని. ఊళ్లో పసిపిల్లాడు కూడా చేయని తప్పు. ముళ్లకు చిక్కిన పాలిథిన్ కవరుకు దండం పెట్టి, మనవరాలిని తన దగ్గరే ఉంచమని దానికి మొక్కుకుంది.

"అత్తమ్మా, అది..." అని మొదలుపెట్టాడు పరమేశ్.

"ఉండె డాడీ!" కావ్య గొంతు మధ్యలో దూరింది, మామూలు కన్నా పైన, కాస్త వణుకుతూ. "నేను గూడ జూసిన. మీరు తిరిగి జూసేసరికి ఎగిరిపాయె. రెక్కలు గింత నీలం ఉండె! ఔ గద అవ్వా?"

చిన్న చెయ్యి వచ్చి తన చేతిలో దూరింది. తడిగా ఉంది. గట్టిగా నొక్కింది, ఔననమని. కంటి అంచులో నీలం అక్కడే ఉంది, లేస్తూ, అణుగుతూ.

అంటే దీనికి తెలుసు. ఎప్పటి నుంచి? మొన్న సద్దుల బతుకమ్మకు పక్కన కూర్చుని పూలు అందించింది, తంగేడు అవ్వా, గునుగు అవ్వా, గిది ఎర్రది అవ్వా అని ప్రతి పువ్వుకూ పేరు చెప్పి చేతిలో పెట్టింది, పిల్ల నేర్చుకుంటోందని తను మురిసిపోయింది. మెట్ల మీద ముందు తను దూకి, ఐపాయె, ఆఖరి మెట్టు అని పాట పాడుతుంది, ఆటనుకుంది. గుంత కనిపిస్తే, నేను దుంకుతున్న, నువ్వు దుంకు అంటుంది. పళ్లెంలో అన్నం ఇటు, పప్పు అటు, మిరపకాయ తీసేసిన. చీమలు. హద్దురాళ్ల రంగులు. గాలిలో జింక కొమ్ములు. ఒక్కటీ వాగుడు కాదు. మరి రోడ్డు? సాయంత్రం పూట ఆ మేడ్చల్ రోడ్డు మీద ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారు? దసరా సెలవులకు ముందటి సాయంత్రం సంగతి కళ్ల ముందుకొచ్చింది, కాదు, చెవుల ముందుకొచ్చింది. ఇప్పుడొద్దు అవ్వా, లారీ, ఇంకోటి, ఆగు, ఆగు, ఇగ నడువు. పిల్ల అటూ ఇటూ మెడ తిప్పుతున్నప్పుడు జడ తన మోచేతికి కొట్టుకుంటూనే ఉంది. తొమ్మిదేళ్ల పిల్ల. దాని పిడికిట్లో తను. ఒక్క అడుగు తప్పితే ఇద్దరూ. తను దీన్ని కాపాడుతున్నాననుకుంది, ఇన్ని నెలలూ ఈ పసిది ఒక ముసలిదాని బరువంతా మోస్తూ నవ్వుతూ తిరిగింది. ఊపిరాడకుండా మాట్లాడింది. దానికెంత అలుపొచ్చి ఉంటుంది. రాత్రిపూట పక్క మీద పడగానే రాయిలా నిద్రపోతుంటే, ఆడి ఆడి అలసిపోయిందనుకునేది.

"సరే, కనవడ్డది గద," అంది లత. ఆ గొంతులో విసుగు దిగిపోయి చల్లబడింది. "పాండ్రి ఇగ. జమ్మి తెంపుకొని ఇంటికి వోయి పండుకుందాం."

అంతే. అయిపోయింది. పరమేశ్ గాలం దారం చుట్టుకుంటున్నాడు. లేచి నడిస్తే చాలు. సెలవులు అయిపోగానే మళ్లీ బస్సు వస్తుంది, చెయ్యి వస్తుంది, లారీ, ఆగు, నడువు. హాస్టల్ లేదు, ఆసుపత్రి లేదు. ఈ చెయ్యి తన చేతిలోనే ఉంటుంది. యాదవ్వ ఆ చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని నిమిరింది. ఎంత చిన్నది. గోళ్లలో మట్టి. ఉంచుకోవాలని ఎంత ఉందో, ఉంచుకోలేనంత చిన్నది.

"లతా, ఆగు బిడ్డా," అంది. "పిట్ట లేదు. అది కవరు."

"ఏంది?"

"నాకు నడిమిట్ల ఏం గనవడ్తలేదు. వానలకు ముందుకెంచి. పిట్ట గాదు, నీ మొకం గూడ గనవడ్తలేదు. పొల్లనే నన్ను రోడ్డు దాటిస్తాంది."

ముందుగా కదిలింది కావ్యే. చెయ్యి లాగేసుకుంది. "ఎందుకు జెప్పినవ్ అవ్వా!" అని ఏడ్చింది, కట్ట మొత్తం వినిపించేలా. "నేను జూస్తున్న గద! అన్ని నేను జూసి జెప్తున్న గద! మంచిగనే దాటుతున్నం గద!" ఏడుపులో ఎక్కిళ్లు. పరమేశ్ దాన్ని ఎత్తుకున్నాడో, దగ్గరికి తీసుకున్నాడో, ఏడుపు అతని చొక్కాలో పడి మెత్తబడింది. లత తిడుతుందని కాచుకుంది యాదవ్వ, తిట్టినా బాగుండు. లత వచ్చి పక్కన గడ్డిలో కూలబడింది. "నాకెందుకు జెప్పలె?" అంది. "హాస్టల్ అంటివి గద బిడ్డా" అంది యాదవ్వ. లత ఎదుటికొచ్చి మోకాళ్ల మీద కూర్చుంది, కుడికి జరిగింది, ఇంకా జరిగింది. "గిప్పుడు? గీడుంటె గనవడ్తున్ననా?" అని అడిగింది. మరక అంచు దాటాక, ఓరగా, ఒక చెవి, చెంప, చెంప మీద తడి, పెదవి పక్కన చిన్నప్పటి గాటు. నెలల తర్వాత బిడ్డ. "గనవడ్తున్నవ్" అంది యాదవ్వ. "సిక్కిపోయినవ్." అప్పుడు ఏడ్చింది లత.

పరమేశ్ దగ్గాడు. "ఎల్లుండి బండి పక్కకు వెడ్త. దవాఖానకు వోదాం అత్తమ్మా. సూద్దాం ఏమంటరో." హాస్టల్ మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోయినా అది అక్కడే, నలుగురి మధ్యా ఉంది, ఎల్లుండి దాకానో, వేసవి దాకానో. ఇప్పుడు దాన్ని మోయడానికి ఎవరికీ ఓపిక లేదు. పొద్దు నీళ్లలోకి దిగిపోతోంది, అంచుల్లో అంతా ఎరుపు. లత తన చెయ్యి చాపింది, యాదవ్వ అది పట్టుకుని లేచింది. పెద్ద చెయ్యి, మందుబిళ్లల డబ్బాలు కట్టి కట్టి వేళ్ల కొసలు గరుకెక్కిన చెయ్యి, ఎటు నడిపించాలో తెలియక బిగుసుకుపోయిన చెయ్యి. కావ్య ముక్కు చీదుకుంటూ తండ్రి పక్కన కొన్ని అడుగులు నడిచింది. తర్వాత ఆ అడుగులు వేగమయ్యాయి. ఉరుకుతోంది. కట్ట వాలు మీదుగా, ఎవరి కోసమూ ఆగకుండా, ఒక్క మాటా చెప్పకుండా, కింద నిలిపిన కారు దాకా ఉరుకుతోంది. ఆ చప్పుడు దూరమవుతుంటే యాదవ్వకు గుండెలో చివుక్కుమంది, కానీ పిల్లలు ఉరకాలి కదా. సగం దూరంలో చప్పుడు ఆగింది.

"మమ్మీ! గీడ ఎడమ దిక్కు గుంత ఉంది. అవ్వకు జెప్పు!"

మళ్లీ ఉరుకు.

"ఆఁ, అమ్మా, గీడ గుంత..." అని లత చెప్పబోయేసరికే యాదవ్వ కాలు గుంతలో దిగింది. ఇద్దరూ తూలి, ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు.

"అడుగు పడకముందు జెప్పాలె బిడ్డా," అంది యాదవ్వ ఊపిరి తీసుకుంటూ. "పొల్లనడుగు, నేర్పిస్తది."